ముందు గెలాక్సీని ఎంచుకోండి, టెలిస్కోప్ సంగతి తర్వాత చూద్దాం

గెలాక్సీల ఫోటోలు తీద్దామని మొదలుపెట్టేవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు, "ఏ టెలిస్కోప్ కొనమంటారు?" అని. నేనూ అదే అడిగాను. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది, ఏ గెలాక్సీ తీయాలని ఉంది. రెండోది, మీ నెత్తి మీద ఆకాశం ఎంత చీకటిగా ఉంటుంది. ఈ రెండూ తేలితే టెలిస్కోప్, మౌంట్ (టెలిస్కోప్‌ని మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్టాండు), కెమెరా సగం వాటంతటవే తేలిపోతాయి. తేలకుండా కొంటే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. 8 అంగుళాల ష్మిట్-కాసెగ్రెయిన్ (అద్దం, లెన్స్ కలిపి వాడే ఒక రకం టెలిస్కోప్) కొని, దాన్ని సరిగ్గా మోయలేని మౌంట్ మీద పెట్టి, ఒక సీజన్ మొత్తం కోడిగుడ్డు ఆకారంలో సాగిన నక్షత్రాలు తప్ప ఇంకేమీ తీయలేకపోయాను. చాలా బాధేసింది, ఎందుకంటే ఎం51 గెలాక్సీ (ఎం, ఎన్‌జీసీ అన్నవి ఇలాంటి వాటికి నంబర్లు పెట్టిన జాబితాల పేర్లు) సరిగ్గా ఎదురుగా ఉంది, ఆకాశం బాగుంది, పరికరం ఖరీదైనదే, అయినా ఫోటో లేదు. మీకు అలా జరగకూడదనే ఇదంతా రాస్తున్నాను.

గెలాక్సీ ఎంత పెద్దది?

దూరంగా ఉన్నాయి కాబట్టి గెలాక్సీలన్నీ చిన్న చుక్కలే అనుకుంటాం. ఆండ్రోమెడా గెలాక్సీ, అంటే ఎం31, మనకు దాదాపు 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, అయినా ఆకాశంలో దాని పొడవు 3 డిగ్రీల పైనే. నిండు చందమామలు ఆరింటిని పక్కపక్కన పేర్చినంత. మన కంటికి దాని నడిమి భాగం ఒక్కటే మసగ్గా ఆనుతుంది, అందుకే అంత పెద్దదని తోచదు. ఎం33 కూడా డిగ్రీకి పైనే ఉంటుంది. ఈ రెండింటికీ ఫోకల్ లెంగ్త్ (లెన్స్ లేదా అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, అది పెరిగేకొద్దీ బొమ్మ పెద్దదవుతుంది) ఎక్కువున్న టెలిస్కోప్ పెడితే గెలాక్సీలో ఒక ముక్కే వస్తుంది, మిగతాది ఫ్రేమ్ బయటే ఉండిపోతుంది.

ఆ తర్వాత మధ్యరకం. ఎం101 దాదాపు నిండు చందమామంత వెడల్పు ఉంటుంది. ఎం81, ఎం82 ఒకదానికొకటి అర డిగ్రీ కాస్త పైచిలుకు ఎడంలో ఉంటాయి కాబట్టి రెండూ ఒకే ఫ్రేమ్‌లో చక్కగా కూర్చుంటాయి. సింహరాశిలో ఎం65, ఎం66, ఎన్‌జీసీ 3628 అనే మూడూ కలిసి ఒకే ఫ్రేమ్‌కి సరిపోతాయి. ఇక అసలైన చిన్నవి: ఎం51 పొడవు 11 ఆర్క్ నిమిషాలు (డిగ్రీలో అరవయ్యో వంతు ఒక ఆర్క్ నిమిషం), సోంబ్రెరో అని పిలిచే ఎం104 దాదాపు 9. స్టెఫాన్స్ క్వింటెట్ అనే అయిదు గెలాక్సీల గుంపు అయితే అయిదూ కలిపి అయిదు ఆర్క్ నిమిషాలు కూడా ఉండదు (అందులో ఎన్‌జీసీ 7320 అనేది మిగతా నాలుగింటికంటే ఎంతో దగ్గర, దాదాపు 4 కోట్ల కాంతి సంవత్సరాలు, మిగతావి 30 కోట్ల లెక్కలో ఉంటాయి, అది ఊరికే వాటి దిక్కున పడిందంతే).

కాబట్టి ఒక కాగితం తీసుకుని వచ్చే ఏడాదిలో మీరు నిజంగా తీయాలనుకునే అయిదు గెలాక్సీల పేర్లు రాయండి, పక్కన వాటి కొలత రాయండి. ఆ జాబితాలో ఎం31, ఎం33 ఉంటే మీ దారి ఒకటి, ఎం51, ఎం104 లాంటివే ఉంటే ఇంకొకటి.

ఒక చిన్న లెక్క చాలు

కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఎంత మేర చూస్తుందో తెలియాలంటే, పిక్సెల్ సైజుని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, టెలిస్కోప్ ఫోకల్ లెంగ్త్‌ని మిల్లీమీటర్లలో తీసుకుని దాంతో భాగించండి. వచ్చేది ఆర్క్ సెకన్లు (ఆర్క్ నిమిషంలో అరవయ్యో వంతులు). ఈ రోజుల్లో ఆస్ట్రో కెమెరాల్లో చాలావాటికి పిక్సెల్ 3.76 మైక్రాన్లు. దానికి 400 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ అయితే పిక్సెల్‌కి 1.9 ఆర్క్ సెకన్లు, 750 అయితే 1.0, 2000 అయితే 0.4 కంటే కాస్త తక్కువ.

ఇప్పుడు ఎం51నే చూడండి. 400 మిల్లీమీటర్లలో అది 340 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది, 750లో 640, 2000లో 1700. 2000 కొనేద్దాం అనిపిస్తుంది కదా, నాకూ అలాగే అనిపించింది. కానీ మన నెత్తి మీద గాలి ఊరుకోదు. మామూలు రాత్రుల్లో గాలి కదలిక వల్లే ఒక్కో నక్షత్రం 2 నుంచి 4 ఆర్క్ సెకన్ల బొట్టులా పరుచుకుంటుంది. పిక్సెల్ 0.4 సెకన్లే చూస్తోంటే ఆ బొట్టు పది పిక్సెళ్ల మీద పరుచుకోవడం తప్ప కొత్త వివరం ఏమీ రాదు, ఫోటో పెద్దదవుతుంది, అంతే. నా అనుభవంలో గెలాక్సీలకి పిక్సెల్‌కి 1 నుంచి 2 సెకన్ల మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. గాలి నిజంగా నిలకడగా ఉండే కొండ మీద ఉంటున్నవాళ్లు ఇంకా కిందికి దిగొచ్చు.

నాలుగు దారులు

మొదటిది, స్మార్ట్ టెలిస్కోప్. సీస్టార్, డ్వార్ఫ్ లాంటివి. టెలిస్కోప్, కెమెరా, మోటార్లు, కంప్యూటర్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి, ఫోన్‌లో గెలాక్సీ పేరు నొక్కితే అదే వెళ్లి పట్టుకుని, పది ఇరవై సెకన్ల ఫ్రేములు ఒకదానిమీద ఒకటి కలుపుకుంటూ పోతుంది. సీస్టార్ ఎస్50 అపర్చర్ (కాంతి లోపలికి వచ్చే ముందు భాగం వెడల్పు) 50 మిల్లీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ 250. దీన్ని బొమ్మ అని కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. రాత్రి పది దాకా పనిలో ఉండి, అరగంట మాత్రమే బయట నిలబడగలిగే మనిషికి ఇంతకంటే మంచి దారి లేదు. 2023 మే 19న జపాన్‌కి చెందిన ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి ఎం101లో ఒక సూపర్‌నోవాని కనిపెట్టారు. రెండు కోట్ల కాంతి సంవత్సరాల అవతల పేలిన ఆ నక్షత్రం కొద్ది రోజుల్లోనే చిన్న టెలిస్కోపులకి కూడా అందేంత వెలిగింది. అలాంటి వార్త విన్న రాత్రి అయిదు నిమిషాల్లో ఫోటో మొదలుపెట్టగలిగే పరికరం చేతిలో ఉండడం చిన్న విషయం కాదు.

లోటు ఎక్కడంటే, ఎస్50 చూపు డిగ్రీ చిల్లర పొడవు, ముప్పావు డిగ్రీ వెడల్పు మాత్రమే, ఎం31 పూర్తిగా పట్టదు, ముక్కలు ముక్కలుగా తీసి కలపాలి. ఎం51 పడుతుంది కానీ చిన్నగా వస్తుంది. పైగా రెండేళ్ల తర్వాత కెమెరా మారుద్దాం, లెన్స్ మారుద్దాం అంటే కుదరదు, మొత్తం డబ్బానే మార్చాలి. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి, విడివిడి ఫ్రేముల్ని ఫిట్స్ ఫైళ్లుగా (ఖగోళ ఫోటోలని ఏమీ తగ్గించకుండా దాచే ఫైలు రకం) దాచుకునే వీలు ఉండాలి. అవి ఉంటే తర్వాత కంప్యూటర్‌లో మీరే స్టాక్ చేసుకోవచ్చు, అంటే ఒకదానిమీద ఒకటి కలుపుకోవచ్చు, తేడా నమ్మలేనంతగా ఉంటుంది.

రెండోది, ఇప్పటికే ఉన్న డీఎస్ఎల్ఆర్ లేదా మిర్రర్‌లెస్ కెమెరా, ఒక టెలిఫోటో లెన్స్, కింద స్టార్ ట్రాకర్ (కెమెరాని నక్షత్రాల వెంట తిప్పే చిన్న మౌంట్). ఎం31, ఎం33 తీయాలనుకునేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. 135 లేదా 200 మిల్లీమీటర్ల లెన్స్‌లో ఆండ్రోమెడా దాని చుట్టూ ఉన్న నక్షత్రాలతో సహా వస్తుంది, ఆ దృశ్యం పెద్ద టెలిస్కోప్‌కి రాదు. 1888 డిసెంబరులో ఐజక్ రాబర్ట్స్ 20 అంగుళాల అద్దంతో తీసిన ఫోటోలోనే మొదటిసారి ఆ గెలాక్సీ చుట్లు కనిపించాయి. ఇప్పుడు అవే చుట్లు, వాటి మధ్య నల్లటి ధూళి చారలు భుజాన వేసుకునే సంచిలో పట్టే సామానుతో వచ్చేస్తాయి. ట్రాకర్ లేకుండా తీయొచ్చా అంటే తీయొచ్చు, కానీ 200 మిల్లీమీటర్ల లెన్స్‌తో ఒక సెకను దాటితే నక్షత్రాలు గీతలవుతాయి, వేల ఫ్రేములు తీసి కలపాలి. ఒకసారి చేసి చూడండి, నేర్చుకోవడానికి మంచిదే, కానీ దాన్నే పద్ధతిగా పెట్టుకోవద్దు.

మూడోది, 60 నుంచి 80 మిల్లీమీటర్ల అపర్చర్, 350–480 మిల్లీమీటర్ల ఫోకల్ లెంగ్త్ ఉన్న చిన్న రిఫ్రాక్టర్ (లెన్సులతో పనిచేసే టెలిస్కోప్), ఈక్వటోరియల్ మౌంట్ (భూమి అక్షానికి సమాంతరంగా తిరిగే మౌంట్) మీద. ఇది మనసుకి హాయినిచ్చే దారి. అద్దాలు సరిచేసే పని లేదు, గాలికి పెద్దగా ఊగదు, బయట పెట్టిన కాసేపటికే సిద్ధం. 400 మిల్లీమీటర్లకి ఏపీఎస్-సి సెన్సార్ (చాలా డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే సైజు) పెడితే ఫ్రేము మూడున్నర డిగ్రీలకి కాస్త తక్కువ, ఎం31 ఇరుకుగానైనా నిండుగా కూర్చుంటుంది. కన్యారాశి గుంపులో మార్కారియన్ గొలుసు మొత్తం వచ్చేస్తుంది, అయిదు కోట్ల కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో ఉన్న గెలాక్సీలు ఒక వంపులో దండ గుచ్చినట్టు కనిపిస్తాయి. చిన్న రిఫ్రాక్టర్‌ని తక్కువగా చూడకండి. ఆండ్రోమెడా పక్కన అంతకుముందు ఎవరూ చూడని ఒక పెద్ద ఆక్సిజన్ వాయు చాపాన్ని ఔత్సాహికులు కనిపెట్టి 2023 జనవరిలో ప్రకటించారు, దాన్ని మొదట పట్టింది 106 మిల్లీమీటర్ల రిఫ్రాక్టరే. ఎన్నో రాత్రులు ఓపిగ్గా ఒకే చోటికి గురిపెట్టడం వల్ల సాధ్యమైంది.

నాలుగోది, 6 లేదా 8 అంగుళాల న్యూటోనియన్ (అద్దాలతో పనిచేసే టెలిస్కోప్), ఫోకల్ లెంగ్త్ 600 నుంచి 1000 మిల్లీమీటర్ల మధ్య. ఎం51, ఎం81, ఎం82, సింహరాశి త్రయం మీ జాబితాలో ఎక్కువగా ఉంటే ఇదే తీసుకోండి. అపర్చర్‌కి తగ్గ వెల చూస్తే దీనికి సాటి వచ్చేది లేదు. ఖగోళ శాస్త్రవేత్త ఎడ్విన్ హబుల్ 1923లో 100 అంగుళాల టెలిస్కోప్ ప్లేటు మీద ఆండ్రోమెడాలో ఒక సెఫీడ్ నక్షత్రాన్ని గుర్తించాడు కదా, 31 రోజులకోసారి వెలుగు పెరిగి తగ్గే ఆ వి1 నక్షత్రం ఇవాళ 8 అంగుళాల న్యూటోనియన్‌కి అందుతుంది. ఆండ్రోమెడా వేరే గెలాక్సీ అని తేల్చిన నక్షత్రాన్ని మీ ఫ్రేములో మీరు వేలు పెట్టి చూపించొచ్చు, ఈ హాబీలో నాకు తెలిసి అంతకు మించిన సంతోషం లేదు. దీనికి ఇంటి చాకిరీ మాత్రం ఉంది. కారులో తీసుకెళ్లిన ప్రతిసారీ అద్దాలు సరిచూసుకోవాలి. అంచుల్లో నక్షత్రాలు తోకచుక్కల్లా సాగకుండా కోమా కరెక్టర్ తప్పనిసరి. గొట్టం లావు కాబట్టి గాలి వీస్తే తెరచాపలా ఊగుతుంది.

ష్మిట్-కాసెగ్రెయిన్, రిచీ-క్రెటియన్ లాంటి పొడవాటి ఫోకల్ లెంగ్త్ టెలిస్కోపులు కూడా ఉన్నాయి. చిన్న గెలాక్సీలకి చివరికి అందరూ అటే చూస్తారు. మొదటి టెలిస్కోప్‌గా మాత్రం వద్దు. కారణం కింద మౌంట్ దగ్గర చెబుతాను.

మౌంట్ మీదే ఎక్కువ ఖర్చు పెట్టండి

భూమి తిరగడం వల్ల నక్షత్రాలు సెకనుకి 15 ఆర్క్ సెకన్ల చొప్పున జరిగిపోతుంటాయి. మనం మూడు నిమిషాల ఫ్రేమ్ తీస్తుంటే మౌంట్ అంతసేపూ ఒక ఆర్క్ సెకను అటూ ఇటూ పోకుండా ఆ నక్షత్రాన్ని వెంటాడాలి. ఇంకోలా చెప్పాలంటే, రెండు వందల మీటర్ల అవతల ఒక మిల్లీమీటరు గీతని మూడు నిమిషాలు వదలకుండా గురి చూడటం లాంటిది. అంత పని చేసేది మౌంట్, టెలిస్కోప్ కాదు.

ఇందాకటి లెక్కని ఇక్కడ పెట్టి చూడండి. గైడింగ్ అంటే ఇంకో చిన్న కెమెరా ఒక నక్షత్రాన్ని చూస్తూ మౌంట్‌ని దిద్దడం. అందులో తప్పు ఒక ఆర్క్ సెకను ఉందనుకుందాం. 400 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్‌లో అది సగం పిక్సెల్, కనిపించనే కనిపించదు. 2000 మిల్లీమీటర్లలో అదే తప్పు రెండున్నర పిక్సెళ్లు, ప్రతి నక్షత్రం సాగిపోతుంది. నా 8 అంగుళాల కథ ఇదే. టెలిస్కోప్‌లో లోపం లేదు, మౌంట్‌లోనూ చెప్పుకోదగ్గ లోపం లేదు, ఆ రెండింటికీ జత కుదరలేదు.

స్టార్ ట్రాకర్ కెమెరాకి, లెన్స్‌కి, మహా అయితే చిన్న రిఫ్రాక్టర్‌కి చాలు. మామూలు జర్మన్ ఈక్వటోరియల్ మౌంట్‌లో హెచ్ఈక్యూ5 తరగతి 6 అంగుళాల న్యూటోనియన్ దాకా మోస్తుంది, 8 అంగుళాలకి ఈక్యూ6 తరగతికి వెళ్లండి. కంపెనీ రాసిన బరువు చూసి మోసపోకండి, అది కళ్లతో చూసేవాళ్లకి. ఫోటోలకి దానిలో సగం, గట్టిగా అంటే మూడింట రెండు వంతులు అనుకోండి. కొత్తగా వచ్చిన హార్మోనిక్ మౌంట్లు (వేరే రకం గేర్లతో నడిచేవి) చేతిలో పట్టుకెళ్లేంత తేలిక, చాలాసార్లు కౌంటర్ వెయిట్ కూడా అక్కర్లేదు, నడుము నొప్పి ఉన్నవాళ్లకి, మేడ మెట్లెక్కి పెట్టేవాళ్లకి వరం. కాకపోతే గైడింగ్ లేకుండా అవి పనికిరావు, వాటి గేర్లలో తప్పు పెద్దది, దాన్ని గైడ్ కెమెరా సెకను సెకనుకీ దిద్దుతూ ఉండాలి. గైడింగ్‌కి పీహెచ్‌డీ2 అనే ప్రోగ్రాం ఉచితం, దశాబ్దానికి పైగా అందరూ వాడుతున్నదే.

బడ్జెట్ ఎంతైనా సరే, అందులో సగం మౌంట్‌కి పక్కన పెట్టి మిగతా సగంలో టెలిస్కోప్, కెమెరా చూసుకోమంటాను. మంచి మౌంట్ మీద మామూలు టెలిస్కోప్ ఫోటో ఇస్తుంది. ఊగే మౌంట్ మీద ఎంత గొప్ప టెలిస్కోపైనా టెన్షనే ఇస్తుంది.

కెమెరా

ఉన్న కెమెరాతో మొదలుపెట్టండి. డీఎస్ఎల్ఆర్ ముందున్న ఫిల్టర్ హైడ్రోజన్ ఎర్ర కాంతిని చాలావరకు ఆపేస్తుందని, దాన్ని పీకించాలని నెబ్యులాలు తీసేవాళ్లు చెబుతారు. వాళ్లకి నిజమే. గెలాక్సీ కాంతి ముప్పాతిక మువ్వీసం నక్షత్రాలదే, అన్ని రంగులూ కలిసిన కాంతి, కాబట్టి మామూలు కెమెరాకీ బాగానే దొరుకుతుంది. ఎం33 చేతుల్లోని గులాబీ మచ్చలు, ఎం82 నడుమ నుంచి చిమ్మే ఎర్రటి పాయలు మాత్రం పేలవంగా వస్తాయి.

తర్వాత మార్చాలనిపిస్తే చల్లబరిచే కలర్ కెమెరా. సెన్సార్ వేడి ఆరు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ వేడి వల్ల దానిలో పుట్టే తప్పుడు సిగ్నల్ దాదాపు రెట్టింపవుతుంది, వేసవి రాత్రి ఆ తేడా కళ్లకి కట్టినట్టు తెలుస్తుంది. పైగా ఉష్ణోగ్రత ఒకేచోట నిలుస్తుంది కాబట్టి డార్క్ ఫ్రేములు (ఆ తప్పుడు సిగ్నల్‌ని తీసేయడానికి మూత పెట్టి తీసే ఫ్రేములు) ఒకసారి తీసి నెలల తరబడి వాడుకోవచ్చు. మోనో (నలుపు తెలుపు) కెమెరా, ఫిల్టర్ల చక్రం ఇంకా వివరం ఇస్తాయి, నిజమే, కానీ మబ్బులు వచ్చేలోగా నాలుగు ఫిల్టర్లతోనూ తీసి ముగించాలి. నీలం తీసేలోగా మబ్బు కమ్మితే ఆ రాత్రికి రంగు ఫోటో లేనట్టే. ఆకాశం వరసగా చాలా రాత్రులు తేటగా ఉండే చోట ఉంటే తప్ప కలర్‌ దగ్గరే ఆగండి.

చీకటిని మించిన టెలిస్కోప్ లేదు

నగరం మధ్యలో ఆకాశం వెలుగు చదరపు ఆర్క్ సెకనుకి 18వ పరిమాణం (అంకె పెరిగేకొద్దీ వెలుగు తగ్గే కొలత) దగ్గర ఉంటుంది, మంచి చీకటి చోట 21.5 దాకా పోతుంది. ఒక్కో పరిమాణానికి రెండున్నర రెట్ల తేడా, అంటే మూడున్నర పరిమాణాలకి 25 రెట్లు. దూరపు చీకట్లో ఒక గంటలో వచ్చిన నాణ్యత నగరం నడిబొడ్డున రావాలంటే 25 గంటలు కావాలి. గెలాక్సీ బయటి చేతులు ఆ చీకటి ఆకాశం కంటే కూడా మసకగా ఉంటాయి మరి. అపర్చర్ రెట్టింపు చేసినా కాంతి నాలుగు రెట్లే పెరుగుతుంది.

ఫిల్టర్ పెడితే సరిపోదా అని అడుగుతారు. నెబ్యులాకి సరిపోతుంది, అది కొన్ని రంగుల్లోనే వెలుగుతుంది కాబట్టి. గెలాక్సీకి కుదరదు. తెల్లటి ఎల్ఈడీ వీధి దీపం, గెలాక్సీ, రెండూ అన్ని రంగుల్లోనూ వెలిగేవే, ఫిల్టర్ ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగుతుంది. ఆ ఫిల్టర్‌కి పెట్టే ఖర్చు చీకటి చోటికి పోయే ప్రయాణాలకి పెట్టండి. వెన్నెల కూడా అంతే, అమావాస్యకి అటూ ఇటూ వారం రోజులే గెలాక్సీలవి.

ప్రయాణం మీకు అస్సలు కుదరదంటే అద్దె టెలిస్కోపులు ఉన్నాయి. చిలీ, ఆస్ట్రేలియా లాంటి చోట్ల కొండల మీద పెట్టినవి, ఇంటర్నెట్‌లో గంటల లెక్కన తీసుకుని ఫైళ్లు దించుకోవచ్చు. ప్రాసెసింగ్ ఇష్టమైతే బాగుంటుంది. చేత్తో తిప్పి పట్టుకున్న తృప్తి కావాలనుకునేవాళ్లకి చప్పగా ఉంటుంది, నాకు అలాగే ఉంది.

ఎవరికి ఏది

సమయం లేనివాళ్లు, మెట్లెక్కి బరువు మోయలేనివాళ్లు స్మార్ట్ టెలిస్కోప్ తీసుకోండి, రెండో ఆలోచన వద్దు. ఇంట్లో మంచి కెమెరా ఉండి ఇది మనకి పడుతుందా లేదా అని చూడాలనుకుంటే స్టార్ ట్రాకర్ ఒక్కటే కొనండి, అక్టోబరు, నవంబరు రాత్రుల్లో ఎం31 మీద పెట్టండి. పడిందని తేలాక, ఒక్క మౌంట్ మాత్రమే కొనగలిగితే ఈక్యూ6 తరగతిదే కొనండి, దాని మీద మొదట 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టర్, మరుసటి ఏడాది న్యూటోనియన్ పెట్టుకోవచ్చు, మౌంట్ మారదు. నేను ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడితే సరిగ్గా ఇలాగే చేస్తాను. కంప్యూటర్‌లో స్టాకింగ్‌కి సిరిల్ అనే ప్రోగ్రాం చాలు, అది కూడా ఉచితమే. ఫ్లాట్ ఫ్రేములు (సమంగా వెలిగే తెల్లటి దాన్ని తీసే ఫ్రేములు) మాత్రం ప్రతి రాత్రీ తీయండి, అవి లేకపోతే గెలాక్సీ మసక అంచు ఏదో, సెన్సార్ మీద ధూళి నీడ ఏదో తెలియక నెలల పని పాడవుతుంది.

ఉత్తరార్ధగోళంలో మార్చి నుంచి మే దాకా గెలాక్సీల కాలం, మన పాలపుంత ధూళి పక్కకి తప్పుకుని సింహరాశి, కన్యారాశి నడినెత్తికి వస్తాయి. ఆ నెలల్లో అమావాస్య రాత్రి సప్తర్షి మండలం తోక చివరి నక్షత్రం పట్టుకుని మూడున్నర డిగ్రీలు పక్కకి జరిగితే ఎం51 తగులుతుంది. మొదటి రెండు నిమిషాల ఫ్రేములో రెండు మసక బొట్లు, పెద్దదాని చుట్టూ పొగలాంటిది కనిపిస్తుంది, అంతే. ఆపేయకండి. గంట స్టాక్ అయ్యేసరికి చేతులు విడివడతాయి. ఒకటి నుంచి నాలుగు గంటలకి వెళితే రొద సగానికి తగ్గుతుంది, అప్పుడు పెద్ద గెలాక్సీ చేయి సాగి చిన్నదైన ఎన్‌జీసీ 5195 దాకా వెళ్లడం, దాని ముందు నుంచి ఒక సన్నని నల్లటి ధూళి చార దాటడం కనిపిస్తుంది. నాకు అది కనిపించింది 6 అంగుళాల న్యూటోనియన్‌లో, తెల్లవారుజామున మూడున్నరకి, అద్దం మీద మంచు పట్టకుండా హీటర్ పెట్టిన మొదటి రాత్రి.